నగర సముద్రతీరాన్ని మళ్లీ తీర్చిదిద్దడం ఎలా: విశాఖ ఒడ్డు ఆధారంగా ఒక పని వరుస

సముద్రపు ఒడ్డున ఉన్న ప్రతి నగరమూ ఎప్పుడో ఒకప్పుడు తన తీరాన్ని కొత్తగా తీర్చిదిద్దుకోవాలని సంకల్పిస్తుంది. సంకల్పం చెప్పుకున్న కొద్ది రోజులకే రంగురంగుల నమూనా చిత్రాలు అధికారుల బల్ల మీదికి చేరుతాయి. వాటిలో వెడల్పాటి నడకదారి, ఫౌంటెన్లు, గాజు రెయిలింగులు, నడుమ ఒక పెద్ద విగ్రహం ఉంటాయి. ఇసుక ఏ కాలంలో ఎటు కదులుతుందో, వల ఎక్కడ లాగుతారో, ఊళ్లోని వాననీరు ఏ దారిన సముద్రంలో కలుస్తుందో మాత్రం ఉండదు. తీరం పనుల్లో జరిగే నష్టాల్లో పెద్ద భాగం ఇలా చివర చేయవలసిన పనిని మొదట చేయడం వల్లనే జరుగుతోందని నా అభిప్రాయం. అందుచేత ఏ పని తర్వాత ఏ పని చేయాలో విశాఖపట్నం ఒడ్డును ఆధారంగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాను. ఆర్కే (రామకృష్ణ) బీచ్, జాలరులుండే జాలారిపేటలు, ఫిషింగ్ హార్బర్, పోర్టు, షిప్‌యార్డు, నౌకాదళం, పాతనగరం అన్నీ ఒకే తీరరేఖ మీద ఉన్న ఊరు కావడంతో ఈ పనిలో ఎదురయ్యే చిక్కులన్నీ అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. కాకినాడ, మచిలీపట్నం, భీమిలి వంటి చోట్ల పని చేసే మున్సిపల్ ఇంజినీర్లకు, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు, కాలనీ సంఘాల వారికి ఇందులో చాలా భాగం పనికి వస్తుంది.

ముందు ఇసుక సంగతి తేల్చుకోవాలి

మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఉత్తరం వైపు నెడతాయి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణం వైపు నెడతాయి. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ ప్రవాహానికి అడ్డంగా సముద్రంలోకి ఒక రాతికట్ట కడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో 1970లలో ఔటర్ హార్బర్ కట్టిన తర్వాత ఆర్కే బీచ్‌కు జరిగింది ఇదే. చెన్నై హార్బర్‌కు ఉత్తరాన రాయపురం ఒడ్డు, పుదుచ్చేరి హార్బర్‌కు ఉత్తరాన ఊరి బీచ్ ఇదే కారణంతో కోతకు గురయ్యాయి. విశాఖ పోర్టు తవ్వి తీసిన ఇసుకను పైపుల ద్వారా ఆర్కే బీచ్ వైపు పోయించే ఏర్పాటు అందుకే వచ్చింది. అంటే ఈ రోజు మనం బీచ్ అని చూస్తున్నది కొంతవరకు మనుషులు ఏటేటా నింపితే నిలిచిన ఇసుక. ఈ సంగతి తెలియకుండా దాని మీద శాశ్వత కట్టడం గీయడం ప్రమాదం.

కనుక మొదటి పని కొలత. ఉపగ్రహ చిత్రాలు, సర్వే సంస్థల నివేదికలు తప్పనిసరిగా తెప్పించుకోవాలి. వాటితో పాటు స్థానిక కళాశాల విద్యార్థులతో ప్రతి నెలా ఒడ్డు వాలును కొలిపించాలి. ఇందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. కె.ఓ. ఎమెరీ అనే సముద్ర భూవిజ్ఞాని 1961లో ప్రచురించిన రెండు కర్రల పద్ధతి ఇప్పటికీ చక్కగా పని చేస్తుంది. ఒకే ఎత్తు గల రెండు కర్రలు తీసుకుని, పై కొనను సున్నాగా పెట్టుకుని కిందికి సెంటీమీటర్ల గీతలు గీసి, ఆ రెంటినీ ఒక కొలత తాడుతో కలపాలి. రోడ్డు పక్కన ఎన్నటికీ కదలని ఒక గట్టు మీద రంగు గుర్తు పెట్టి, నీరు బాగా వెనక్కి తగ్గిన ఆటు వేళ అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఒకరు ఒడ్డు వైపు కర్రను, మరొకరు తాడు బిగువుగా ఉండేటట్లు సముద్రం వైపు కర్రను నిటారుగా పట్టుకోవాలి. ఒడ్డు వైపు నిలుచున్న వ్యక్తి ఎదుటి కర్ర పై కొననూ, నీళ్లూ ఆకాశమూ కలిసే గీతనూ ఒకే చూపులోకి తెచ్చుకోవాలి. ఆ చూపు తన కర్రను ఎన్నో గీత దగ్గర తాకుతుందో, తాడు పొడవులో ఇసుక అంత దిగిందన్నమాట. ఎదుట ఇసుక దిబ్బ లేచి ఉంటే తన కర్ర పై కొన మీదుగా చూసి ఎదుటి కర్ర మీద కొలత చదవాలి. అలా అంచెలంచెలుగా నీటి వరకు దిగి, అంకెలను గ్రాఫు కాగితం మీద గీస్తే ఆ రోజు ఒడ్డు ఆకారం కనిపిస్తుంది. రెండు రుతుపవనాలు గడిచేలా కనీసం ఏడాది పాటు ఈ గీతలను ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే ఒడ్డు ఎంత మేర ఊగిసలాడుతుందో కాగితం మీద స్పష్టంగా తేలుతుంది.

ఆ ఊగిసలాట జరిగే పట్టీలో శాశ్వత నిర్మాణం ఏదీ ఉండకూడదన్నది ఈ పనిలో మొదటి నిర్ణయం. బల్లలు, నీడ పందిళ్లు, చెక్క నడకదారులు వంటివి పెట్టుకోవచ్చు గాని తుపాను హెచ్చరిక రాగానే విప్పి తరలించగలిగేలా ఉండాలి. ఒడ్డు కోత ఆపడానికి వెంటనే రాళ్ల గోడ కట్టాలన్న ఒత్తిడి వస్తుంది. గోడ తన వెనుకనున్న రోడ్డును కాపాడుతుంది, కాని తగిలిన అల వెనక్కి మళ్లి గోడ ముందున్న ఇసుకను లాగేసుకుపోతుంది, గోడ ముగిసిన చోట కోత మరింత పెరుగుతుంది. పుదుచ్చేరిలో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ సముద్రగర్భంలో ఉక్కు దిబ్బను అమర్చి, తవ్విన ఇసుకను తెచ్చి పోయడంతో పోయిన బీచ్ కొంత తిరిగి వచ్చింది. అటువంటి మార్గాలు పరిశీలించిన తర్వాతే, అదీ ఆసుపత్రి లేదా ప్రధాన రహదారి నిలబడదన్న పరిస్థితి ఉన్న చోటనే, గోడ జోలికి పోవాలి.

ఒడ్డున ఇప్పటికే ఉన్నవారి దినచర్య

రెండో పని పటం గీయడం. మామూలు పటం స్థలాన్ని చూపుతుంది; ఇక్కడ కావలసింది వేళలను కూడా చూపే పటం. తెల్లవారుజామున ఒడ్డు ఎవరిది, పగలు ఎవరిది, సాయంత్రం ఎవరిది, రాత్రి ఎవరిది అని విడివిడిగా గీయాలి. విశాఖ బీచ్ రోడ్డులో ఉదయం నడకకు వచ్చేవారి కోసం కొంత భాగంలో వాహనాలు ఆపే అలవాటు ఉంది. అదే వేళకు జాలారిపేట ఒడ్డున పడవలు దిగుతాయి, చేపలు కొనడానికి గంపలతో ఆడవాళ్లు వస్తారు. సాయంత్రం మొక్కజొన్న పొత్తులు కాల్చే బళ్లు, బజ్జీల బళ్లు, గుర్రపు స్వారీ పిల్లలు వస్తారు. వేట లేని రోజుల్లో వలలు ఆరేసే చోటు, వాటిని బాగుచేసుకునే నీడ, చేపలు ఎండబెట్టే ఇసుక మేర, గంగమ్మ గుడి ముందు పండుగ జరిగే ఖాళీ అన్నీ ఆ పటంలో ఉండాలి. పటాన్ని గీసేవారు ఆ వేళల్లో అక్కడ ఉండి గీయాలి. మధ్యాహ్నం కారులో వచ్చి చూసినవారికి ఒడ్డు ఖాళీగానే కనిపిస్తుంది.

దరి వల లాగే చోటును ప్రత్యేకంగా చెప్పాలి. పడవలో వలను తీసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదిలి, దాని రెండు కొసల తాళ్లను ఒడ్డున దూరదూరంగా తెచ్చి దింపుతారు. రెండు జట్లు చెరో తాడు పట్టుకుని పదం పాడుకుంటూ వెనక్కి లాగుతూ, క్రమంగా ఒకరికొకరు దగ్గరవుతారు. వల సంచి ఒడ్డు చేరే సరికి రెండు జట్లూ ఒకచోట కలుస్తాయి. ఈ పని జరగాలంటే కొన్ని వందల మీటర్ల మేర ఒడ్డుకు అడ్డంకి ఉండకూడదు, ఇసుక మీద తాడు ఒరుసుకునే రాయి ఉండకూడదు, లాగేవారు వెనక్కి నడవడానికి జాగా ఉండాలి. నడుమ ఒక మెట్ల వరుస గాని, ఒక విగ్రహపు దిమ్మె గాని, ఒక రాళ్ల కుప్ప గాని పెడితే తరాలుగా సాగిన ఆ వేట అక్కడితో ఆగిపోతుంది. కనుక వల లాగే తావులను జాలరుల కుల పెద్దలతో కలిసి నడిచి గుర్తించి, రెండు చివరలా కొయ్యలు పాతి, ప్రణాళికలో 'నిర్మాణరహిత మేర' అని రాసుకోవాలి. సభ పెట్టి అభిప్రాయాలు అడగడం కంటే ఇలా కలిసి నడవడం చాలా మేలు. సభలో మైకు దొరికినవారే మాట్లాడతారు, చేపలమ్మే ఆడవాళ్లు వెనక వరుసలో కూర్చుండిపోతారు.

బళ్ల వారి విషయంలో చట్టమే దారి చూపుతోంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు విక్రేతలే ఉండాలి. ఉన్నవారిని సర్వే చేసి నమోదు చేయకుండా తొలగించకూడదు. పనులు మొదలుపెట్టడానికి ముందే ఆ జాబితా పూర్తి చేసి, కొత్త ప్రణాళికలో ప్రతి బండికీ నీటి కుళాయి, చెత్త తీసే ఏర్పాటు, రాత్రి సామాను భద్రపరిచే చోటు చూపాలి. బళ్లన్నిటినీ ఒక ఫుడ్ కోర్టులో కుక్కడం కంటే వంద, నూట యాభై మీటర్లకొక గుంపుగా నీడలో ఉంచితే రాత్రి పూట ఒడ్డంతా మనుషుల కళ్ల ముందు ఉంటుంది. ఆడవాళ్లు, పిల్లలు చీకటి పడ్డాక కూడా ధైర్యంగా కూర్చోగలగడానికి సీసీ కెమెరాల కంటే ఇదే ఎక్కువ తోడ్పడుతుంది.

అనుమతుల విషయం

తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు మొదట 1991 ఫిబ్రవరి 19న వచ్చాయి. తర్వాత 2011లో, 2019 జనవరి 18న కొత్త నోటిఫికేషన్లు వెలువడ్డాయి. మీ ఊరి తీర నిర్వహణ ప్రణాళిక ఏ నోటిఫికేషన్ కింద ఆమోదం పొందిందో, మీ స్థలం ఏ వర్గంలోకి వస్తుందో తేలకముందు ఒక్క గీత కూడా గీయకూడదు. నగరాల్లో ఇప్పటికే కట్టడాలున్న ప్రాంతాలు సాధారణంగా రెండో వర్గంలోకి వస్తాయి. అక్కడ కూడా ఉన్న రోడ్డుకు లోపలి వైపే భవనాలకు అవకాశం ఉంటుంది. ఇసుక దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు మొదటి వర్గం. 2019 నోటిఫికేషన్ ప్రకారం మొదటి, నాలుగో వర్గాల పనులకు కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి కావాలి, రెండు, మూడు వర్గాలను రాష్ట్ర స్థాయిలో చూస్తారు. ఒకే ప్రాజెక్టు రెండు మూడు వర్గాల మీదుగా పోతుంటే దాన్ని ముక్కలు చేసి చూపకుండా మొత్తంగా దాఖలు చేయడం నిజాయితీ, పైగా తర్వాత న్యాయస్థానాల్లో చిక్కుపడకుండా ఉంటుంది.

గెడ్డలు బాగుపడకుండా బీచ్ బాగుపడదు

ఉత్తరాంధ్రలో కొండల మీది నుంచి దిగే వాగును గెడ్డ అంటారు. విశాఖలో ఊరి మధ్య నుంచి పారే గెడ్డలు కాలక్రమంలో మురుగు కాలువలై నేరుగా ఇసుక మీదికి వచ్చి పడుతున్నాయి. ఒడ్డున ఎన్ని పూలమొక్కలు నాటినా ఆ నీటి పక్కన ఎవరూ కూర్చోరు. కాబట్టి డబ్బు తక్కువగా ఉంటే అలంకరణ ఆపి ముందుగా గెడ్డల మీద ఖర్చు పెట్టాలి. వేసవిలో పారే నీరు దాదాపు అంతా మురుగే గనుక దాన్ని రోడ్డు దాటక ముందే అడ్డుకట్టి శుద్ధి కేంద్రానికి మళ్లించాలి, వానాకాలపు వరద మాత్రం అడ్డు లేకుండా సముద్రానికి పోవాలి. గెడ్డ ముఖం దగ్గర కాంక్రీటు పెట్టె కట్టడానికి బదులు రెల్లు, జమ్ము పెరిగే పల్లపు మడుగును వదిలితే ప్లాస్టిక్ చెత్త అక్కడే ఆగుతుంది, తీయడమూ సులువవుతుంది. గెడ్డ ముఖం చోటు మారుతుండటం సహజం. దానికి రెండు వైపులా జాగా వదలాలి.

పచ్చదనం: నీటి అంచు నుంచి లోపలికి

తీరపు పచ్చదనం అనగానే పచ్చిక లాన్లు, వరుసగా అలంకార తాటిచెట్లు గుర్తుకు వస్తాయి. లాన్‌కు ప్రతి రోజూ మంచినీరు కావాలి. వేసవిలో తాగునీటికే కటకటలాడే ఊరిలో అది న్యాయం కాదు. ఉప్పు గాలి, వేడి ఇసుక తట్టుకునే మొక్కలు మన తీరానికి ఎప్పటి నుంచో ఉన్నాయి, వాటి వరుస కూడా ప్రకృతిలో స్పష్టంగా ఉంది. పోటు నీరు అందే గీత దాటిన వెంటనే ఊదారంగు పూలతో ఇసుక మీద పాకే బాలబంద తీగ, దాని పక్కనే ముళ్ల బంతుల్లాంటి కంకులతో గాలికి దొర్లే రావణాసురుని మీసాల గడ్డి ఉంటాయి. ఈ రెండూ గాలికి ఎగిరే ఇసుకను పట్టి ఆపి చిన్న దిబ్బలుగా పెంచుతాయి. తుపాను వచ్చినప్పుడు ముందుగా దెబ్బ తినేదీ, ఒడ్డుకు ఇసుకను తిరిగి ఇచ్చేదీ ఆ దిబ్బే. యంత్రాలతో బీచ్ శుభ్రం చేసేటప్పుడు ఈ తీగలను చెత్తతో పాటు పీకేయడం చాలా ఊళ్లలో జరుగుతోంది. శుభ్రత సిబ్బందికి ముందుగా ఈ రెండు మొక్కలను చూపించి గుర్తుపట్టించాలి, తీగ ఉన్న మేరలో చేతితోనే చెత్త ఏరించాలి.

దిబ్బ వెనుక మొగలి పొదలు, వాటి వెనుక గంగరావి, పొన్న, కానుగ, ఇంకా లోపల వేప, చింత, అక్కడక్కడ తాటి, కొబ్బరి అన్నది నేను సూచించే క్రమం. సరుగుడు గురించి కొంత జాగ్రత్త అవసరం. అది త్వరగా పెరుగుతుంది, గాలిని ఆపుతుంది, వంటచెరుకుగా కూడా పనికి వస్తుంది. కాని నీటి అంచు వరకూ దట్టంగా నాటితే కింద మరో మొక్క మొలవదు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక కూడా మిగలదు. కాబట్టి దాన్ని పోటు గీతకు బాగా వెనుక, ఇతర చెట్లతో కలిపి మాత్రమే వాడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు నగరం లెక్కలేనన్ని చెట్లను పోగొట్టుకుంది. చుట్టూ కాంక్రీటు పోసి వేరు కదలడానికి చోటు లేకుండా చేసిన చెట్టు గాలికి నిలవడం కష్టం. అందుచేత ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క చిన్న గుంట తవ్వడానికి బదులు, నడకదారి పొడవునా ఒకటే పొడవాటి మట్టి కందకం తవ్వి, ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపి అందులో చెట్లను గుంపులుగా నాటాలి. వేర్లు ఒకదానితో ఒకటి అల్లుకుంటే గుంపంతా కలిసి నిలబడుతుంది. తొలకరికి నాటితే తుపానుల కాలానికి ముందు నాలుగైదు నెలలు దొరుకుతాయి. మొదటి రెండు వేసవులు శుద్ధి చేసిన నీటితో తడపాలి, సముద్రం వైపు తాటాకు దడి కట్టి ఉప్పు గాలి నుంచి కాపాడాలి.

తాబేళ్ల కోసం వెలుగు తగ్గించాలి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు విశాఖ ఒడ్డుకు చలికాలం చివరి నుంచి వేసవి మొదలు వరకు వచ్చి గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాటిని సేకరించి పొదిగించే కేంద్రాలను నడుపుతోంది. పిల్ల తాబేలు చీకటిలో వెలుగుగా కనిపించే సముద్రం వైపు నడుస్తుంది. ఎత్తైన స్తంభాల మీద తెల్లటి లైట్లు ఉంటే రోడ్డు వైపు నడిచి చక్రాల కింద పడుతుంది. మోకాలి ఎత్తు దీపాలు, పసుపు ఎరుపు కలిసిన రంగు, సముద్రం వైపు మూసిన తొడుగు, ఆ నెలల్లో రాత్రి పది దాటాక సగం దీపాలు ఆపడం అన్నవి టెండరు పత్రంలోనే రాయాలి. తర్వాత మారుద్దామంటే స్తంభాలు మార్చాల్సి వస్తుంది.

నౌకా వారసత్వం: వస్తువు కంటే ముందు పని

వారసత్వం అన్న మాటకు ఎక్కువ చోట్ల లంగరు, పాత ఫిరంగి, చుక్కాని తెచ్చి గడ్డి మీద పెట్టడమే అర్థమైపోయింది. విశాఖకు అంత పేదరికం లేదు. హార్బర్‌లోకి ఓడలు వచ్చే కాలువకు ఒక పక్కన డాల్ఫిన్ నోస్ కొండ, మరో పక్కన పాతనగరంలో చర్చి ఉన్న రాస్ హిల్, ఇషాక్ మదీనా బాబా దర్గా ఉన్న కొండ, వెంకటేశ్వరస్వామి కొండ వరుసగా నిలిచి ఉన్నాయి. ఓడ లోపలికి వచ్చేటప్పుడు మూడు మతాల గుళ్లనూ ఒకే చూపులో చూస్తుంది. పోర్టు 1933లో ప్రారంభమైంది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ యార్డులో తయారైన 'జల ఉష' ఓడను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దింపారు. ఆ యార్డే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. కోస్టల్ బ్యాటరీ అన్న పేటకు పేరు తీరరక్షణ ఫిరంగుల నుంచి వచ్చింది, ఆ యుద్ధకాలపు కాంక్రీటు బంకర్ల ఆనవాళ్లు ఒడ్డున ఉన్నాయి. 1971 యుద్ధ స్మారకం, 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పని చేసి 2002 నుంచి మ్యూజియంగా నిలిచిన కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా 2017లో ప్రారంభమైన టీయూ-142 యుద్ధవిమానం అందరికీ తెలిసినవే.

ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి. ఆర్కే బీచ్‌కు వచ్చిన కుటుంబం కురుసుర చూసి వెళ్లిపోతుంది, కొద్ది దూరంలో ఉన్న పాతనగరంలో అడుగుపెట్టదు. కాబట్టి చేయవలసిన మొదటి పని కొత్త కట్టడం కాదు, దారి. ఆర్కే బీచ్ నుంచి కోస్టల్ బ్యాటరీ, ఫిషింగ్ హార్బర్ అంచు మీదుగా పాతనగరంలో టౌన్ హాలు, కురుపాం మార్కెట్ వరకు ఆగకుండా సాగే నీడ దారిని వేసి, ఆ దారిలో ఓడల కాలువ కనిపించే ప్రతి సందు చివరనూ పటంలో గుర్తించి, ఆ చూపుకు అడ్డంగా హోర్డింగు గాని బహుళ అంతస్తులు గాని రాకుండా భవన నిబంధనల్లోనే చేర్చాలి. ఇంటి అరుగు మీద నుంచి ఓడ కనిపించే వీధులు దేశంలో చాలా కొద్ది ఊళ్లకే ఉన్నాయి. ఆ చూపు ఒకసారి మూసుకుపోతే ఏ మ్యూజియమూ దాన్ని తిరిగి తేలేదు.

ఫిషింగ్ హార్బర్‌ను పర్యాటక కేంద్రంగా మార్చాలన్న ఆలోచన తరచుగా వినిపిస్తుంది. అది చేపల వేట సాగే హార్బర్‌గానే ఉండాలి. చూసేవారికి పక్కన చోటు చూపితే చాలు. వేలం జరిగే జెట్టీకి కొంత ఎత్తున, పనికి అడ్డం రాకుండా ఒక నడవా కట్టి, ఐసు బండ్లూ చేపల బుట్టలూ పోయే దారితో అది ఎక్కడా కలవకుండా చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం ఉన్న కాలంలో పడవలన్నీ ఒకచోట చేరి మరమ్మతులు జరుగుతాయి. చూడటానికి అది మంచి కాలమే, అగ్ని ప్రమాదానికీ అదే కాలం. నిషేధం లేని 2023 నవంబరులో కూడా ఇదే హార్బర్‌లో సుమారు 40 బోట్లు తగలబడిపోయాయి. పడవల వరుసల మధ్య ఖాళీ, అగ్నిమాపక బండి జెట్టీ చివరి వరకు పోయే దారి, సముద్రపు నీటిని తోడే పంపులు ఏర్పాటైన తర్వాతే సందర్శకుల సంగతి ఆలోచించాలి.

నైపుణ్యం కూడా వారసత్వమే. దుంగలను తాడుతో కట్టిన తెప్ప, మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవ ఒకప్పుడు ఈ తీరమంతా తిరిగాయి. ఫైబరు బోట్లు వచ్చాక అవి దాదాపు కనుమరుగయ్యాయి. కుట్టు పడవ అల తగిలినప్పుడు కొంచెం వంగి ఇస్తుంది గనుకే ఒడ్డున విరిగే అలలను దాటగలిగేది. అటువంటి దాన్ని గాజు పెట్టెలో పెట్టడం కంటే, పని తెలిసిన పెద్దలు మిగిలి ఉండగానే ఏటా ఒక పడవను ఒడ్డున అందరి ముందు కట్టించి, నీటిలోకి దింపించి, వారికి తగిన కూలి ఇచ్చి, పక్కన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను నేర్చుకోవడానికి పెట్టాలి. గాలులకు, వేట తావులకు, ఒడ్డు నుంచి గుర్తుపట్టే కొండ కొమ్ములకు జాలరులు పెట్టుకున్న పేర్లను రికార్డు చేసి దారి పక్కన పలకల మీద తెలుగులో మొదట రాయాలి. కురుసురలో మాజీ నావికులే సందర్శకులకు జలాంతర్గామి లోపల తిప్పి చూపించి వివరిస్తారు. అక్కడికి వెళ్లినవారికి గుర్తుండిపోయేది యంత్రాల కంటే ఆ మాటలే. మిగిలిన చోట్లకు కూడా ఆ పద్ధతినే తీసుకుపోవాలి.

కట్టవలసినవి కట్టేటప్పుడు

జర్మనీలోని హ్యాంబర్గ్ నగరం తన పాత రేవును హాఫెన్‌సిటీగా మార్చినప్పుడు నీటి పక్క నడకదారులను సముద్రమట్టానికి సుమారు 4.5 నుంచి 5.5 మీటర్ల ఎత్తులోనే ఉంచి, భవనాలను 8 మీటర్లకు పైన దిమ్మెల మీద కట్టింది. వరద వచ్చినప్పుడు నడకదారి మునుగుతుంది, ఇళ్లు మునగవు. అంకెలు మనకు వర్తించవు. విశాఖలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్ల లోపే. ఆలోచన మాత్రం తీసుకోవచ్చు. కింది మట్టాన్ని నీటికి అప్పగించి కడిగితే బాగుపడే సామగ్రితో కట్టాలి. విద్యుత్తు ప్యానెళ్లు, టాయిలెట్లు, ప్రథమ చికిత్స గది పై మట్టంలో ఉండాలి.

సముద్రపు గాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో తీరవాసులకు చెప్పనక్కరలేదు. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఉప్పు నీటి తుంపర తగిలే కాంక్రీటులో కమ్మీ మీద కనీసం 50 మిల్లీమీటర్లు, ఆటుపోట్ల మధ్య మునిగి తేలే భాగంలో 75 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. పని జరిగేటప్పుడు కవరు దిమ్మెలను ఎవరో ఒకరు వంగి కొలిచి చూడాలి; కాగితం మీది 50 స్థలం మీద 25 అయితే కొద్ది ఏళ్లకే పెచ్చులు లేస్తాయి. రెయిలింగు స్టెయిన్‌లెస్ స్టీలుదైతే 304 రకం వద్దు, ఉప్పు గాలిని మరింత తట్టుకునే 316 రకం అడగాలి. రెయిలింగు లేకుండా కూర్చునే ఎత్తులో రాతి గట్టు వేస్తే ఇంకా మేలు. ర్యాంపు వాలు పన్నెండు అడుగులకు ఒక అడుగు మించకూడదు. అది నడకదారి వరకే ఆగిపోకుండా ఇసుక మీద చుట్టి పరిచే చాపల ద్వారా తడి ఇసుక దాకా సాగితే చక్రాల కుర్చీలో వచ్చినవారు కూడా నీటిలో కాళ్లు తడుపుకోగలుగుతారు.

ఆర్కే బీచ్‌లో స్నానాలకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఏటా ఉంటున్నారు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ఇసుక దిబ్బలు మారినప్పుడల్లా చోటు మారుస్తాయి కాబట్టి హెచ్చరిక బోర్డును కాంక్రీటులో పాతితే లాభం లేదు. చక్రాల మీద జరిపే గజ ఈతగాళ్ల మంచెలు, రోజూ ఉదయం చూసి మార్చే జెండాలు, ఆ పనికి జాలారిపేట యువకులకు శిక్షణతో కూడిన నెల జీతం ఉండాలి. ఆ నీటిని వారికంటే బాగా చదవగలవారు లేరు.

ముందు ఒక ముక్క, తర్వాత మిగిలినది

మొత్తం తీరాన్ని ఒకే టెండరులో పెట్టడం కంటే, గెడ్డ, వల లాగే తావు, బళ్లు, ఒక వారసత్వ కట్టడం అన్నీ ఉన్న మూడు నాలుగు వందల మీటర్ల ముక్కను ఎంచుకుని వెదురు, తాళ్లు, సున్నపు గీతలు, కుండీల వంటి తాత్కాలిక సామగ్రితో ముందుగా అమర్చి చూడాలి. ఒక నైరుతి కాలం, ఒక తుపాను కాలం దాని మీదుగా పోనివ్వాలి. జనం ఎక్కడ నడిచి ఇసుకలో దారి పడిందో, ఏ బల్ల ఖాళీగా ఉండిపోయిందో, ఏ మొక్క బతికిందో రాసుకుని శాశ్వత డ్రాయింగులను ఆ తర్వాతే గీయాలి. గుత్తేదారు ఒప్పందంలో కనీసం ఐదేళ్ల నిర్వహణ చేర్చి, బిల్లులో కొంత భాగాన్ని మూడో వేసవి తర్వాత బతికి ఉన్న చెట్ల లెక్కకు ముడిపెట్టాలి. నిర్వహణ సంఘంలో కార్పొరేషన్, పోర్టు, అటవీ శాఖ, మత్స్యశాఖలతో పాటు జాలరుల, బళ్లవారి ప్రతినిధులకు ఓటు ఉండాలి. ఇసుక పోయించే బాధ్యత ఎవరిదో, ఏ నెలలో పోయించాలో, ఎంత పోయించాలో ఆ సంఘం పత్రంలో అంకెలతో సహా రాసి ఉండాలి. ప్రతి డిసెంబరులో, తుపానుల కాలం ముగిశాక, సంఘ సభ్యులంతా రెండు కర్రలూ తాడూ పట్టుకున్న విద్యార్థులతో కలిసి ఒడ్డు పొడవునా నడిచి, ఆ ఏటి గీతను కిందటేటి గీత మీద పరిచి చూసి, వచ్చే ఏడాది మరమ్మతుల పద్దును అక్కడికక్కడే తయారు చేసుకోవాలి.